చామంతికి చీకటి కావాలి



ఈ సంవత్సరపు సంచికకు వృక్షశాస్త్రం మీద ఏదైనా వ్రాసిపెట్టమని విద్యార్థి సంఘం వారు అడిగారు. "మరీ పాఠంలాగా వద్దండీ, అందరూ చదివేట్టు వుండాలి" అని కూడా అన్నారు. నాకు చేతనయినది పాఠమే. అంచేత పాఠమే వ్రాస్తున్నాను. అయితే ఈ పాఠం నేను పుస్తకంలో కంటే మా యింటి వాకిట్లో ఎక్కువగా నేర్చుకున్నాను. నేర్చుకునేలోగా ఒక మనిషికి అన్యాయం కూడా చేశాను. అది కూడా చెప్పకపోతే పాఠం పూర్తికాదు.

మాది రాజుపాలెం. గుంటూరు నుంచి హైదరాబాదు పోయే రోడ్డు మీద, సత్తెనపల్లికీ పిడుగురాళ్లకూ మధ్య వస్తుంది. ఆ రోజుల్లో గుంటూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి పల్నాడు జిల్లా. మిరప, పత్తి పండే నేల. పూలతోటలకు పేరుపడ్డ వూరేమీ కాదు. కాని ప్రతి యింటి ముందూ ఒక బంతి మడి, ఒక చామంతి వరుస, గోడవారగా కనకాంబరం వుండేవి. ధనుర్మాసంలో గొబ్బెమ్మల మీద పెట్టడానికి గుమ్మడిపూలతోపాటు బంతీ చామంతీ లేనిదే ఆడపిల్లల సరదా తీరేది కాదు.

మా అమ్మ వాకిట్లో తూర్పు గోడ పొడవునా నలభై దాకా చామంతి మొక్కలు పెంచేది. యింటికి వాడుకోగా మిగిలినవి మూరల లెక్కన అమ్మేది. ఆ డబ్బు నాన్న చేతికి పోయేది కాదు. నా పరీక్ష ఫీజు చాలాసార్లు చామంతిపూలే కట్టినాయి.

చామంతి అంటే ఒక పువ్వు కాదు

ముందు మొక్కను పరిచయం చేసుకుందాం. మనం ఒక చామంతి పువ్వు అని తుంచేది నిజానికి ఒక పువ్వు కాదు, వందలాది చిన్న పువ్వుల గుంపు. దీన్ని శీర్షవత్ పుష్పవిన్యాసం అంటారు. చుట్టూ రేకల్లాగా కనిపించేవి కిరణ పుష్పకాలు. వాటిలో ఒక్కొక్క రేక ఒక్కొక్క పువ్వు. మధ్యలో పసుపు పచ్చని బొడ్డులాగా వుండేవి బింబ పుష్పకాలు. చామంతిలో కిరణ పుష్పకాలు స్త్రీ పుష్పాలు, బింబ పుష్పకాలు ద్విలింగాలు. పొద్దుతిరుగుడు, బంతి, గడ్డిచామంతి, అన్నీ ఈ కుటుంబం లోనివే. పాత పుస్తకాల్లో కాంపోజిటే అనీ, ఇప్పుడు ఆస్టరేసి అనీ పేరు.

మనం ముద్ద చామంతి అనే దానిలో బింబ పుష్పకాలు చాలావరకు కిరణ పుష్పకాలుగా మారిపోయి వుంటాయి. బొడ్డు కనపడదు. రేక చామంతిలో ఒకటి రెండు వరసల రేకలే వుండి బొడ్డు బయటికి కనపడుతుంది. రెంటినీ పక్కపక్కన పెట్టి బ్లేడుతో నిలువుగా కోసి చూడండి. ఒక గంట ఉపన్యాసం మిగులుతుంది.

ఈ ప్రజాతి పేరు క్రిసాంథిమం. గ్రీకు భాషలో బంగారు పువ్వు అని అర్థం. 1753లో లిన్నేయస్ పెట్టిన పేరు. ఇది బహువార్షికం, అంటే ఏటేటా విత్తనం వేయనక్కరలేదు. పూసిన కాడ ఎండిపోతుంది, వేళ్ల దగ్గర నుంచి పిలకలు వస్తాయి. ఆ పిలకలను విడదీసి నాటుకోవడమే మన ఆడవాళ్ల పద్ధతి. పిలక తల్లికి అచ్చంగా నకలు. విత్తనం నుంచి వచ్చిన మొక్క అట్లా వుండదు. అందుకే ఒక మంచి రకం చేతులు మారుతూ తరాల తరబడి నిలుస్తుంది.

జాతులు, రకాలు

ఈ ప్రజాతిలో సుమారు నలభై జాతులున్నాయి. ఎక్కువ భాగం చైనా, జపాను, కొరియా ప్రాంతాలవి. క్రిసాంథిమం ఇండికం అనే జాతి వుంది. పేరు చూసి మన దేశపు మొక్క అనుకుంటాం. కాదు. అది కూడా తూర్పు ఆసియాదే. చిన్న పసుపు పూలు పూస్తుంది. చైనాలో ఆ పూలు ఎండబెట్టి వేడినీళ్లలో వేసుకుని తాగుతారు. వెస్టిటం, లావండ్యులిఫోలియం, జవాడ్‌స్కీ వంటి అడవి జాతులు ఇంకా వున్నాయి. మన తోటల్లో పెంచే చామంతి వీటిలో ఏ ఒక్కటీ కాదు. కొన్ని అడవి జాతులు కలగలిసి, శతాబ్దాల పాటు మనిషి చేతిలో పెరిగిన సంకరం. దానికి మోరిఫోలియం అని పేరు.

ప్రజాతిలో క్రోమోజోముల మూల సంఖ్య 9. అడవి జాతుల్లో 18, 36, 54 ఇట్లా రెట్టింపుల మీద కనిపిస్తాయి. తోట చామంతిలో సాధారణంగా 54, అంటే ఆరు వరసలు. ఇన్ని వరసలున్న మొక్కలో ఎన్ని కలయికలకు వీలుందో జన్యుశాస్త్రం చదువుకునే వాళ్లు లెక్క వేసుకోవచ్చు. ఇన్ని వేల రకాలు ఎందుకు వచ్చినాయో సగం అక్కడే తెలుస్తుంది.

చైనాలో నాలుగైదు శతాబ్దాల నాటి కవి తావ్ యువాన్‌మింగ్‌కు చామంతి అంటే ప్రాణమని ప్రతీతి. అప్పటికే అది యింటి మొక్క. అక్కడి నుంచి జపాను చేరింది. పదహారు రేకల చామంతి జపాను చక్రవర్తి వంశానికి చిహ్నమయింది. 1789లో ఫ్రాన్సులోని మార్సెయి రేవుకు చేరింది. 1846లో రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా నుంచి చిన్నపూల రకాన్ని ఇంగ్లండుకు తీసుకుపోయాడు. గుండీల్లాంటి పాంపన్ రకాలు దాని సంతానమే. ఈనాడు ప్రదర్శనల్లో రేకలు లోపలికి మడిచినవి, బయటికి వాలినవి, గరిటె లాంటివి, సాలీడు కాళ్లలాంటివి అంటూ పువ్వు ఆకారాన్ని బట్టి పదమూడు తరగతులు చేస్తారు. మన పూలబజారుకు ఈ తరగతులతో పని లేదు. పసుపు, తెలుపు, ఎరుపు. ముద్ద, రేక, చిట్టి. దండకు నిలిచేదా, సాయంత్రానికి వడిలేదా. అంతే.

రంగుల సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి. పసుపు కెరొటినాయిడ్ల వల్ల వస్తుంది. గులాబి, ఎరుపు ఆంథోసయనిన్ల వల్ల వస్తాయి. రెండూ కలిస్తే ఇటుక రంగు. మరి తెలుపు? తెల్ల చామంతి రేకలో పసుపు రంగు తయారవుతుంది, కాని ఒక ఎంజైము దాన్ని ఎప్పటికప్పుడు విరగ్గొట్టేస్తుంది. ఆ ఎంజైము జన్యువు ఒక కొమ్మలో పోయిందంటే ఆ కొమ్మ పసుపు పూలు పూస్తుంది. తెల్ల చామంతి మొక్కకు ఉన్నట్టుండి పసుపు కొమ్మ వచ్చిందని మా వూళ్లో ఆడవాళ్లు చెప్పుకునేవారు. అదే మొగ్గ ఉత్పరివర్తనం. లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధనా సంస్థలో గామా కిరణాల సాయంతో ఇట్లాంటి మార్పులు పుట్టించి చాలా కొత్త రకాలు తీశారు. నీలిరంగు మాత్రం చామంతికి లేదు. 2017లో జపాను శాస్త్రజ్ఞులు రెండు జన్యువులు చేర్చి నీలి చామంతి పూయించారు. ఆ రెంటిలో ఒకటి మన కంచెల మీద పాకే శంఖుపుష్పం నుంచి తీసుకున్నదే.

విడిపోయిన బంధువులు

పాత పుస్తకాలు చదివిన వాళ్లు ఒకటి గమనించాలి. ఒకప్పుడు క్రిసాంథిమం అనే పేరు కింద చాలా మొక్కలను కలిపేశారు. షాస్టా డైసీ ఇప్పుడు ల్యూకాంథిమం. ఏకవార్షిక చామంతి ఇప్పుడు గ్లెబియోనిస్. 1961లో రష్యా శాస్త్రజ్ఞుడు త్స్వెలెవ్ తోట చామంతిని డెండ్రాంథిమం అనే ప్రజాతిలోకి మార్చాడు. దాంతో చామంతికే చామంతి పేరు లేకుండా పోయింది. 1999లో సెయింట్ లూయీలో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభ ఇండికంను ప్రజాతికి ప్రమాణ జాతిగా నిలబెట్టి ఆ పేరు తిరిగి ఇచ్చింది. కాబట్టి పాత నోట్సులో డెండ్రాంథిమం అని వుంటే తప్పని కొట్టేయకండి, ఏ సంవత్సరపు నోట్సో చూడండి.

ఇంకొక విడిపోయిన బంధువు పైరెత్రం. ఇప్పుడు టనాసిటం ప్రజాతిలో వుంది. ఆ పూలలో పురుగులను చంపే గుణం వుంది. దాన్ని చూసి ప్రయోగశాలలో తయారుచేసినవే సింథటిక్ పైరెత్రాయిడ్లు. ఇంగ్లండులో మైకేల్ ఇలియట్ బృందం 1970లలో తీసిన పెర్‌మెత్రిన్, సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ ఆ కోవవి. పల్నాటి పత్తి రైతుకు ఈ పేర్లు కొత్తవి కావు. 1987 నాటికి మన రాష్ట్రంలో పత్తి మీది శనగపచ్చ పురుగు వీటికి లొంగకుండా పోయింది. ఎన్నిసార్లు కొట్టినా కాయ నిలవక ఎన్ని కుటుంబాలు అప్పుల్లో మునిగాయో మన వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. ఒకే మందును నమ్ముకుంటే పురుగు నేర్చుకుంటుంది. అది ఇంకొక పాఠం.

కరెంటు వచ్చిన సంవత్సరం

ఇక అసలు సంగతి. 1975 వేసవిలో మా యింటికి కరెంటు వచ్చింది. నాన్న పంచలో, వాకిట్లోకి వెలుతురు పడేట్టు వంద క్యాండిళ్ల బల్బు పెట్టించాడు. వర్షాకాలంలో వాకిట్లో కట్లపాము కనపడింది. అప్పటి నుంచి ఆ బల్బు తెల్లవార్లూ వెలిగేది. ఆ సంవత్సరమే మా అన్నకు పెళ్లయి వదిన కాపురానికి వచ్చింది.

ఆ యేడు చామంతి మొక్కలు ఎన్నడూ లేనంత ఏపుగా పెరిగినాయి. ఆకు నల్లగా నిగనిగలాడింది. కార్తీకం వచ్చింది, మొగ్గ లేదు. ధనుర్మాసం వచ్చింది, మొగ్గ లేదు. సంక్రాంతికి అమ్మ పక్కింటి నుంచి పూలు అడిగి తెచ్చింది. ఎరువు ఎక్కువయిందన్నారు. దిష్టి తగిలిందన్నారు. పగిలిన కుండకు సున్నం బొట్లు పెట్టి కర్రకు తగిలించారు. మరుసటి సంవత్సరం కొత్త పిలకలు నాటారు. మళ్లీ అదే వరస.

మా యింట్లో అప్పట్లో ఒక నియమం వుండేది. ఆడవాళ్లు ఆ మూడు రోజులూ దూరం వుండాలి. పూల మొక్కల దగ్గరకు అసలు పోకూడదు, నీడ పడితే మాడిపోతాయి అనేవారు. ఒకరోజు వదిన దూరం వున్నప్పుడు గాలికి ఎగిరిన గుడ్డ తీసుకోవడానికి చామంతి వరస దగ్గరకు పోయింది. ఆమె చెయ్యి ఆకులకు తగిలింది. చూసినవాణ్ణి నేనే. అమ్మతో చెప్పినవాణ్ణి కూడా నేనే. నాకప్పుడు పదిహేడేళ్లు. అబద్ధం చెప్పలేదు, చూసిందే చెప్పాను. కాని చూసినదానికీ జరిగినదానికీ సంబంధం వుందో లేదో ఆలోచించలేదు.

"ఆ పిల్ల చెయ్యి పడిందిరా. ఇంకేం పూస్తయ్యి?" అన్నది అమ్మ.

అంతే. తరువాత ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. వదిన తూర్పు గోడ వైపు పోవడం మానేసింది. పేరంటానికి పిలిచిన యిళ్లలో పూలు పంచేటప్పుడు ఆమె వెనక నిలబడేది. 1976 చివర అమ్మ మొక్కలన్నీ పెరికి దిబ్బలో వేసింది. 1977లో ఆ గోడవార చామంతి లేదు.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే సిగ్గు వేస్తుంది. ఎందుకంటే జవాబు మా కళ్లముందే వుంది. పెరట్లో గొడ్లచావిడి వెనక, అమ్మ ఎప్పుడో పారేసిన పిలకల నుంచి రెండు చామంతి మొక్కలు లేచినాయి. ఎవరూ పట్టించుకోకపోయినా ఆ రెండూ ఏటా పూసినాయి. ఆ చావిట్లో రోజూ పేడ తీసేది వదినే. అదే బల్బు కింద, అదే గోడవార కనకాంబరాలు ఎప్పటిలాగే పూసినాయి. వదిన చెయ్యే కారణమయితే అవి ఎందుకు పూయాలి? ఎవరమూ ఆ ప్రశ్న వేసుకోలేదు. కారణం దొరికిందనుకున్న తరువాత మనిషి వెతకడం మానేస్తాడు.

క్లాసులో విన్నది

1978లో నేను డిగ్రీ ఆఖరి సంవత్సరం. వర్షాకాలంలో మా మాష్టారు శరీరధర్మశాస్త్రంలో కాంతికాలావధి పాఠం మొదలుపెట్టారు. గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞుల కథ చెప్పారు. మేరీలాండ్ మామత్ అనే పొగాకు రకం వేసవిలో ఎంత ఎత్తు పెరిగినా పూయలేదు. చలికాలంలో గాజుయింట్లో పెడితే పూసింది. ఎరువు, తేమ, వేడి అన్నీ మార్చి చూశారు. చివరకు మొక్కలను సాయంత్రం చీకటి కొట్టంలో పెట్టి మర్నాడు పొద్దున బయటికి తెచ్చేవారు. వేసవిలోనే పూసింది. 1920లో ఈ సంగతి ప్రకటించారు. పగటి పొడవును బట్టి మొక్కలు మూడు విధాలు. పగలు తగ్గితే పూసేవి హ్రస్వదీప్తికాల మొక్కలు. పగలు పెరిగితే పూసేవి దీర్ఘదీప్తికాల మొక్కలు. దేనితోనూ పనిలేనివి తటస్థ మొక్కలు.

1938లో హామ్నర్, బానర్ అనే వాళ్లు మరులమాతంగి మొక్క మీద ఇంకొక మెట్టు ఎక్కారు. మొక్క కొలిచేది పగటిని కాదు, రాత్రిని. తెగకుండా సాగే చీకటిని. పొడవైన రాత్రి మధ్యలో కొద్దిసేపు దీపం వెలిగిస్తే చాలు, ఆ రాత్రి లెక్కలోకి రాదు.

తరువాత మాష్టారు బోర్డు మీద హ్రస్వదీప్తికాల మొక్కల పట్టిక వ్రాశారు. అందులో చామంతి వుంది. ఆ మాట చూడగానే మా పంచలో బల్బు కళ్లముందు వెలిగింది. తరువాతి పావుగంట మాష్టారు ఏం చెప్పారో నాకు వినపడలేదు.

చామంతి గురించి ఇంకొక ప్రయోగం కూడా ఆ రోజే విన్నాను. రష్యాలో చైలాఖ్యాన్ అనే ఆయన చామంతి మొక్క పైభాగంలో ఆకులు తీసేశాడు. కింద ఆకులకు పొట్టి పగలు, పైన ఆకుల్లేని కొమ్మకు పొడవు పగలు ఇచ్చాడు. పువ్వు పైన వచ్చింది. తారుమారు చేస్తే రాలేదు. అంటే రాత్రిని కొలిచేది ఆకు, పూసేది కొమ్మ చివర. ఆకు నుంచి కొమ్మకు ఏదో కబురు పోవాలి. ఆ కబురుకు 1937 ప్రాంతంలో ఆయన ఫ్లోరిజెన్ అని పేరు పెట్టాడు. అది ఏ పదార్థమో డెబ్బయి ఏళ్లదాకా దొరకలేదు. 2007లో అది ఒక చిన్న ప్రోటీను అని వేరే మొక్కల్లో తేలింది. 2013లో జపాను వాళ్లు చామంతి జాతిలో దీనికి ఎదురు పనిచేసే ప్రోటీనును పట్టుకున్నారు. రాత్రిపూట దీపం పడితే ఆకులో ఈ అడ్డుపుల్ల ప్రోటీను తయారవుతుంది, పూయవద్దని కొమ్మకు కబురు పంపుతుంది. ఆ దీపాన్ని పసిగట్టేది ఫైటోక్రోం అనే వర్ణద్రవ్యం. ఎర్రని కాంతికి అది బాగా స్పందిస్తుంది. మామూలు బల్బు వెలుతురులో ఎర్రని కాంతి దండిగా వుంటుంది.

మన వూళ్ల లెక్క చూడండి. రాజుపాలెం దాదాపు పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద వుంది. జూన్ నెలాఖరు పగలు సుమారు 13 గంటలు, డిసెంబరు నెలాఖరు పగలు సుమారు 11 గంటల 10 నిమిషాలు. తేడా రెండు గంటలు కూడా లేదు. అంత కొద్ది తేడానే చామంతి పట్టుకుంటుంది. ఒక్కొక్క రకానికి ఒక్కొక్క హద్దు. ఆలస్యంగా పూసే రకాలకు ఇంకా పొడవైన రాత్రి కావాలి. పొడవు రాత్రులు మొదలయిన తరువాత పువ్వు విచ్చడానికి రకాన్ని బట్టి ఆరు నుంచి పదిహేను వారాలు పడుతుంది. అందుకే మన చామంతులు కార్తీకానికీ సంక్రాంతికీ మధ్య వస్తాయి.

పది మొక్కలు, ఐదు గంపలు

ఆ శనివారమే యింటికి పోయాను. గొడ్లచావిడి వెనక మొక్కల నుంచి పిలకలు విడదీసి తూర్పు గోడవార పది నాటాను. ఒకే తల్లి పిలకలు, ఒకే మట్టి, ఒకే బల్బు. అమ్మ చూసి "ఎందుకురా ఈ తద్దినం?" అన్నది గాని అడ్డు చెప్పలేదు. దసరా సెలవుల్లో మళ్లీ వచ్చేసరికి జానెడు పెరిగినాయి. ఒకటి విడిచి ఒకటి చొప్పున ఐదు మొక్కలకు గుర్తుపుల్లలు పెట్టాను. వాటి మీద పొద్దుగూకేటప్పుడు గంపలు బోర్లించి పైన గోనెపట్టా కప్పాలి, తెల్లవారాక తీయాలి. మిగతా ఐదూ బల్బు వెలుతురులోనే వుండాలి. నీళ్లు పదింటికీ ఒకే చెయ్యి పోయాలి.

నేను కాలేజీకి పోవాలి. ఈ పని రోజూ తప్పకుండా చేసేవాళ్లు కావాలి. వదినను అడిగాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

"నేనా? నేనొద్దబ్బాయ్. మళ్లీ పూయకపోతే?"

"పూయకపోతే తప్పు నాది వదినా. నీమీద చెప్పింది కూడా నేనేగా."

ఆ మాట ఆమెకు తెలుసునో లేదో నాకు అప్పటిదాకా తెలియదు. తెలుసునని ఆమె ముఖం చూస్తే అర్థమయింది. కాసేపటికి అడిగింది. "ఆ మూడు రోజులు కూడా కప్పాలా?"

"కప్పాలి. ఆ మూడు రోజులే ముఖ్యం. నీళ్లు కూడా నువ్వే పోయాలి, పదింటికీ."

శాస్త్రం చదివేవాళ్లు ఇక్కడ ఆగి ఆలోచించండి. గంప కప్పిన మొక్కలను మాత్రమే వదిన తాకి, మిగతా వాటిని అమ్మ చూసుకుంటే ఆ ప్రయోగానికి విలువ లేదు. రెండు వరసల మధ్య ఒక్క తేడాయే వుండాలి. ఆ తేడా చీకటి. మిగతావన్నీ, చెయ్యితో సహా, ఒకటే కావాలి.

నవంబరు ఆఖరున కార్డు వచ్చింది. అన్న చేత వ్రాయించింది. గంప కింద మొక్కల్లో నాలుగింటికి చివరలు ముడుచుకుని సెనగగింజలంత మొగ్గలు కనపడుతున్నాయి, ఐదోది కూడా అట్లాగే వుంది అని. క్రిస్మస్ సెలవులకు పోయేసరికి పసుపు రేకలు విచ్చుకుంటున్నాయి. ఐదుకు ఐదూ. పక్కన బల్బు వెలుతురులో వున్న ఐదూ నడుము ఎత్తు పెరిగి పచ్చగా నిలబడి వున్నాయి. ఒకదానికి మాత్రం చివర ఒక మొగ్గ పుట్టి గట్టిపడి ఆగిపోయింది. పూయలేదు.

అమ్మ ఆ వరస ముందు నిలబడి ఒకటి, రెండు అని లెక్కపెట్టింది. నేను గార్నర్ అల్లార్డ్ అంటూ మొదలుపెట్టబోయాను. ఆమె నా మాట వినలేదు.

"అమ్మాయ్, ఆ మూడు రోజులు కూడా నువ్వే పోశావా నీళ్లు?"

"పోశా అత్తయ్యా."

అమ్మ ఇంకేమీ అనలేదు. ఆ సంక్రాంతికి గొబ్బెమ్మల మీద పెట్టే పూలు కోయమని పళ్లెం వదిన చేతికిచ్చింది. మరుసటి ఏడు చామంతి వరస బల్బు వెలుతురు పడని పెరటి గోడవారకు మారింది. బల్బు మాత్రం పంచలోనే వుంది. పాము భయం పాము భయమే గదా.

పాఠం

పాఠంలో గుర్తుంచుకోవలసినవి రెండు మూడు చెప్పి ముగిస్తాను.

చామంతి పెంచుకోదలచిన వాళ్లు పిలకలు గాని, కొమ్మ చివరలు ముక్కలుగా గాని జూన్, జులై నెలల్లో నాటండి. నెల తరువాత తలలు గిల్లితే పక్క కొమ్మలు వస్తాయి. నీళ్లు నిలవకూడదు. దసరా నుంచి రాత్రిళ్లు వీధిదీపం గాని, వరండా దీపం గాని మొక్క మీద పడకుండా చూడండి. పట్నంలో మేడమీద కుండీలో ఆకు తప్ప పువ్వు రావడం లేదని నన్ను అడిగే పాత విద్యార్థులు వున్నారు. ముందు దీపం ఎక్కడుందో చూసుకోమని వాళ్లకు చెబుతూ వుంటాను. దీపం కాకపోతే అప్పుడు ఎరువు, నీరు, వేడి చూడాలి. రాత్రిళ్లు మరీ వేడిగా వున్నా పూత వెనకబడుతుంది. పాలీహౌసులో పెంచే రైతులు ఇదే సూత్రాన్ని రెండువైపులా వాడుకుంటారు. పూత ఆపాలంటే అర్ధరాత్రి దీపాలు వేస్తారు, తెప్పించాలంటే నల్లని గుడ్డ కప్పుతారు.

విద్యార్థులకు ఒక మాట. ఏదయినా చెడిపోయినప్పుడు పక్కన వున్న మనిషిని చూపించడం తేలిక. అందులోనూ కొత్తగా వచ్చిన మనిషి, ఎదురు చెప్పలేని మనిషి అయితే మరీ తేలిక. నేను ప్రయోగం చేయకముందు రెండు సంవత్సరాలు మా యింట్లో అందరం చదువుకున్నవాళ్లమే, మంచివాళ్లమే. అయినా ఒక బల్బు చేసిన పనికి ఒక మనిషి శిక్ష అనుభవించింది. రెండు వరసలు నాటి, ఒక్క తేడా వుంచి, వేచి చూసేంత ఓపిక మాకు లేకపోయింది.

ఈసారి మీ యింట్లో ఎవరి చెయ్యి మంచిది కాదని అన్నా, ఆ మాట వెంటనే నమ్మకండి. పది పిలకలు నాటండి. గంపలు ఐదు చాలు.